కొండవీడు కోటకు కాలినడకన: తరచుగా అడిగే ప్రశ్నలు

కొండవీడు వెళ్ళి వచ్చిన ప్రతిసారీ నాకు అవే ప్రశ్నలు ఎదురవుతాయి. బంధువులు అడుగుతారు, ఆఫీసులో అడుగుతారు, ఫోటోలు చూసిన పాత స్నేహితులు రాత్రి పదింటికి ఫోను చేసి అడుగుతారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పేటప్పుడు ఏదో ఒకటి మరిచిపోతున్నాను. మరిచిపోయినది ఒక్కోసారి మంచినీళ్ళంత ముఖ్యమైన సంగతి కావడం వల్ల అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరకు నేరుగా వెళ్ళి చదువుకోవచ్చు.

## బయలుదేరే ముందు

కొండవీడు ఎక్కడుంది? ఒక్క రోజులో వెళ్ళి రావచ్చా?

పల్నాడు జిల్లా యడ్లపాడు మండలంలో ఉంది. 2022 ఏప్రిల్‌కు ముందు ఇది గుంటూరు జిల్లా, అందుకే పాత పుస్తకాల్లో అలాగే కనిపిస్తుంది. గుంటూరు నుంచి సుమారు 25 కిలోమీటర్లు. గుంటూరు, విజయవాడ, చిలకలూరిపేట, నరసరావుపేటల వాళ్ళు పొద్దున్నే బయలుదేరితే సాయంత్రానికి ఇల్లు చేరవచ్చు. హైదరాబాదు నుంచి వచ్చేవాళ్ళు ముందురోజు రాత్రి గుంటూరులో పడుకుని, తెల్లవారుజామున కొండ దగ్గరకు చేరడం మేలు. రాత్రంతా బస్సులో కూర్చుని, నిద్ర లేని కళ్ళతో రాతి మెట్లు ఎక్కవద్దు.

సొంత వాహనం లేదు. బస్సులో వెళ్ళడం ఎలా?

గుంటూరు, చిలకలూరిపేటల నడుమ జాతీయ రహదారి మీద బస్సులకు కొదవ లేదు. బోయపాలెం దగ్గరో యడ్లపాడు దగ్గరో దిగి ఆటో మాట్లాడుకోవాలి. ఇంకో వైపు నుంచి, అంటే గుంటూరు-నరసరావుపేట రోడ్డు మీద ఫిరంగిపురంలో దిగి కూడా రావచ్చు. ఆటో మాట్లాడేటప్పుడు తిరుగు ప్రయాణం గురించి కూడా అప్పుడే తేల్చుకోండి. డ్రైవరు ఫోను నంబరు తీసుకుని, ఎన్నింటికి కిందికి వస్తారో చెప్పి ఉంచండి. సాయంత్రం కొండ దిగాక ఆటో కోసం ఎదురుచూడడం ఎక్కడం కన్నా కష్టంగా ఉంటుంది.

పైదాకా కారు వెళ్తుంది కదా, మళ్ళీ నడవడం ఎందుకు?

వెళ్తుంది. ఘాట్ రోడ్డు వేశారు. నడవలేని పెద్దవాళ్ళు కూడా ఇప్పుడు కొండ మీది చెరువులు చూడగలుగుతున్నారు, నాకు అది నిజంగా సంతోషం. అయితే కాళ్ళలో శక్తి ఉన్నవాళ్ళు ఒక్కసారైనా పాత మెట్ల దారిన ఎక్కాలని గట్టిగా చెబుతాను. కారులో వెళ్తే పావుగంటలో చెరువు కళ్ళ ముందు ఉంటుంది, చూసి బాగుందనుకుంటాం. నడిచి వెళ్తే అంతసేపూ ఎండిన బండలు, ముళ్ళ కంపలు, చెమట తప్ప ఇంకేమీ ఉండదు. ఈ కొండ మీద నీళ్ళేమిటి అనిపిస్తుంది. ఆ అనుమానం బాగా ముదిరాక కనిపించే చెరువు వేరు. ఎక్కడం మెట్ల దారిన, దిగడం రోడ్డు మీదుగా పెట్టుకున్నా తప్పేమీ లేదు. మోకాళ్ళ నొప్పులు ఉన్నవాళ్ళకు అదే మంచిది.

నాకు కొండలెక్కే అలవాటు లేదు. ఎక్కగలనా?

ఒక పరీక్ష చెబుతాను. మీ ఊళ్ళో నాలుగంతస్తుల మేడ ఏదైనా చూసుకుని, ఆగకుండా మెట్లెక్కండి. పైకి చేరాక రెండు నిమిషాల్లో మామూలుగా మాట్లాడగలిగితే మీరు కొండవీడు ఎక్కగలరు. మాట రాక నిలబడిపోతే, మూడు వారాల పాటు రోజూ అరగంట వేగంగా నడిచి, వారానికి మూడుసార్లు మెట్లెక్కి అప్పుడు రండి. ఇక్కడ తాళ్ళు పట్టుకుని ఎగబాకే పని లేదు. కానీ మెట్లన్నీ ఒకే ఎత్తులో ఉండవు. కొన్ని మోకాలి దాకా వస్తాయి, కొన్ని అరిగి వాలుగా ఉంటాయి, కొన్నిచోట్ల మెట్లు చెదిరిపోయి ఉత్త రాళ్ళే మిగిలాయి. కష్టం ఎత్తులో లేదు, అడుగడుగునా కిందికి చూసి కాలు వేయవలసి రావడంలో ఉంది.

పిల్లలను తీసుకెళ్ళవచ్చా?

ఎనిమిదేళ్ళు దాటిన పిల్లలు మనకన్నా ముందే ఎక్కేస్తారు. భయం ఎక్కడంలో కాదు, పైకి చేరాక. బురుజుల అంచులకు చాలాచోట్ల గోడ ఉండదు, చెరువు గట్టుకు కమ్మీలు ఉండవు. ఒక్కో పిల్లకో పిల్లాడికో ఒక పెద్దమనిషిని బాధ్యుడిగా ముందే పెట్టుకోండి. "అందరం చూస్తున్నాం కదా" అనుకున్నప్పుడే ఎవరూ చూడకుండా పోతారు. చంకలో ఎత్తుకోవలసినంత చిన్నపిల్లలతో మెట్ల దారి వద్దు.

ఏ నెలలో వెళ్తే చెరువులు నిండుగా ఉంటాయి?

అక్టోబరు చివరి నుంచి జనవరి దాకా. ఈ చెరువులకు వాన తప్ప వేరే దిక్కు లేదు. నైరుతి వానలతో నీళ్ళు చేరి, అక్టోబరు, నవంబరుల్లో బంగాళాఖాతం తుపాన్ల వానలతో నిండుతాయి. డిసెంబరులో పొద్దున పొగమంచు ఉంటుంది. ఎనిమిదింటికి అది నీటి మీద నుంచి పాయలు పాయలుగా లేచిపోవడం చూడాలంటే ఆ నెలే.

ఫిబ్రవరి, మార్చిల్లో నీళ్ళు తగ్గుముఖం పడతాయి. కానీ అప్పుడు ఇంకో సొగసు ఉంది. చుట్టుపక్కల ఊళ్ళలో మిరప కోతలు సాగుతుంటాయి. కల్లాల్లో ఆరబోసిన మిరపకాయలు కొండ మీద నుంచి చూస్తే పొలాల మధ్య ఎర్ర దుప్పట్లు పరిచినట్లుంటాయి.

మాకు ఎండాకాలం సెలవుల్లోనే కుదురుతుంది. వెళ్ళవచ్చా?

ఏప్రిల్, మే నెలల్లో మెట్ల దారి వద్దే వద్దు. రాష్ట్రంలో ఎండలకు పేరుమోసిన రెంటచింతల ఈ జిల్లాలోనే ఉంది, ఇక మీరే ఊహించుకోండి. తొమ్మిది దాటితే బండలు సెగలు కక్కుతాయి, నీడనిచ్చే పెద్ద చెట్లు తక్కువ. తప్పదనుకుంటే తెల్లవారకముందే వాహనంలో పైకి వెళ్ళి, ఎనిమిదింటికల్లా దిగిపోండి. ఆ నెలల్లో చెరువు గట్టు రాళ్ళ మీద తెల్లని చారలు ఒకదాని కింద ఒకటి కనిపిస్తాయి. నీరు ఏ వారానికి ఎంత దిగిందో రాసిపెట్టిన లెక్క అది. వేసవిలో వచ్చినవాళ్ళకే కనిపించే దృశ్యం.

వాన పడుతుంటే?

ముసురు పట్టిన రోజున మానుకోండి. రాయి మీద పాకుడు పట్టి ఉంటుంది, ఎంత మంచి బూటు అయినా జారుతుంది. ఉరుములు వినిపిస్తే బురుజుల మీద, ఒంటరి చెట్టు కింద నిలబడవద్దు, వీలైనంత త్వరగా పల్లానికి దిగండి. కింద నేల నల్లరేగడి. వాన వెలిసిన మర్నాడు రోడ్డు దిగి కారు ఆపితే చక్రాలు కూరుకుపోతాయి.

ఒక్కరే వెళ్ళవచ్చా?

మామూలు రోజుల్లో మెట్ల దారిలో గంటసేపు నడిచినా ఒక్క మనిషి ఎదురుపడకపోవచ్చు. కాలు మడత పడితే పిలిచినా పలికేవారుండరు. కనీసం ముగ్గురు ఉండాలని నా అభిప్రాయం. ఒకరికి దెబ్బ తగిలితే ఒకరు తోడుంటారు, ఒకరు సాయం కోసం దిగుతారు. ఒక్కరే వెళ్ళాలని ఉంటే ఆదివారం ఉదయం, నలుగురు తిరిగే వేళ, రోడ్డు దారిన నడవండి. ఆడవాళ్ళు కూడా గుంపుగా వస్తుంటారు, ఇబ్బంది లేదు. మగైనా ఆడైనా ఎన్నింటికి దిగుతారో ఇంట్లో ఒకరికి చెప్పి రండి.

## సంచి సర్దుకునేటప్పుడు

నీళ్ళు ఎన్ని తీసుకెళ్ళాలి?

చలికాలంలో మనిషికి రెండు లీటర్లు, మిగతా రోజుల్లో మూడు. ఇందులో ఒక లీటరు దిగేదాకా ముట్టుకోకూడదని పెట్టుకోండి. మొదటిసారి వెళ్ళినప్పుడు నేను ఒక్క లీటరు సీసా పట్టుకుని, పైన చెరువులున్నాయి కదా అన్న ధీమాతో ఎక్కాను. సగం దారిలో సీసా ఖాళీ అయింది. చెరువు గట్టు మీద అన్ని నీళ్ళ ఎదుట నాలుక పిడచకట్టి కూర్చున్నాను. ఎవరో కుటుంబం వాళ్ళు మా అబ్బాయిలాంటి వాడివంటూ మజ్జిగ సీసా చేతికిచ్చారు. ఆ మజ్జిగలో వాళ్ళు దంచి వేసిన అల్లం రుచి నాకు ఇప్పటికీ గుర్తుంది. ఆ తర్వాత ఎప్పుడూ మూడు లీటర్లకు తక్కువ మోయలేదు.

ఉత్త నీళ్ళే కాకుండా ఉప్పు, పంచదార కలిపిన నిమ్మరసమో ఓఆర్ఎస్ పొట్లాలో ఉంచుకోండి. చెమటతో ఉప్పు పోయినా పిక్కలు పట్టేయవచ్చు.

ఎలాంటి చెప్పులు వేసుకోవాలి?

మడమకు పట్టు ఉన్న, అడుగున గాట్లున్న బూట్లు. ఖరీదైనవే కానక్కరలేదు, అరిగిపోనివి అయితే చాలు. కొత్తవి కొని అదే రోజు వేసుకుని వస్తే బొబ్బలు ఖాయం. హవాయి చెప్పులు, జారే తోలు చెప్పులు వద్దు. పల్లేరు కాయలు, తుమ్మ ముళ్ళు పలుచటి చెప్పు అడుగును దాటి వచ్చేస్తాయి.

తినడానికి ఏమి పట్టుకెళ్ళాలి?

పైన హోటలు ఉంటుందన్న నమ్మకంతో ఎక్కవద్దు. పులిహోర లాంటిది తేమగా ఉండి పాడవకుండా నిలుస్తుంది, చేత్తో తినేయవచ్చు. మధ్య మధ్యలో నోట్లో వేసుకోవడానికి వేరుశనగ ఉండలు, ఖర్జూరాలు, దోసకాయ ముక్కలు. ఎక్కే ముందు కడుపు నిండా ఇడ్లీలు, దోసెలు తింటే మెట్ల దారిలో అవస్థ పడతారు. సగం కడుపుతో ఎక్కి, పైన చెరువు పక్కన తింటే ఆ రుచే వేరు.

ఇంకా ఏమేమి ఉండాలి?

టోపీ లేదా తలకు తువ్వాలు, చిన్న టార్చి లైటు, గాయాలకు మందు, దూది, గుడ్డ పట్టీ, రోజూ వేసుకునే మాత్రలు, చెత్త వేసుకోవడానికి ఖాళీ సంచి. ముళ్ళు తీయడానికి చిన్న పట్టకారు ఒకటి. మణికట్టు దాకా చేతులున్న నూలు చొక్కా, పొడుగు ప్యాంటు వేసుకోండి, కంపలు గీరుకోకుండా ఉంటుంది. కొండ మడతల్లో ఫోను సిగ్నలు రాదు, అందుకని ప్రవేశ రుసుముకూ ఆటోకూ చిల్లర నోట్లు జేబులో ఉంచుకోండి.

## ఎక్కేటప్పుడు

ఎన్నింటికి మొదలుపెట్టాలి?

పొద్దు పొడవగానే. చలికాలంలో అయితే ఆరున్నర, ఏడు. పది గంటలకల్లా పైన ఉండాలి, ఆ తర్వాత ఎండ వీపు మీద పడుతుంది. మధ్యాహ్నం మూడు దాటాక మెట్ల దారిన ఎక్కడం మొదలుపెట్టవద్దు. డిసెంబరులో అయిదున్నర దాటగానే కొండ నీడ దారి మీద పరుచుకుంటుంది, రాయికీ గుంటకూ తేడా తెలియదు.

మొత్తం ఎంతసేపు పడుతుంది?

ఆగుతూ, చూస్తూ ఎక్కితే గంట నుంచి గంటన్నర. పైన చెరువులూ, బురుజులూ తిరగడానికి రెండు మూడు గంటలు. దిగడానికి గంట. అంటే సగం రోజు పూర్తిగా కేటాయించుకోవాలి. నలభై నిమిషాల్లో ఎక్కేశామని చెప్పేవాళ్ళున్నారు. వాళ్ళు ఎక్కి ఉంటారు, కానీ దారిలో పాత గోడల రాళ్ళు ఎలా పేర్చారో చూసి ఉండరు.

మధ్యలో ఆయాసం, గుండె దడ వస్తే ఏం చేయాలి?

ఆగండి. నీడ చూసుకుని కూర్చుని, గుక్కెడు గుక్కెడుగా నీళ్ళు తాగండి. అయిదు పది నిమిషాల్లో ఊపిరి కుదుటపడితే మళ్ళీ మెల్లగా సాగవచ్చు. తల తిరగడం, వాంతి వచ్చినట్లుండడం, చెమట ఆగిపోయి ఒళ్ళు కాలిపోవడం వడదెబ్బ గుర్తులు. అప్పుడు ఇక ఎక్కకూడదు, తడిగుడ్డతో ఒళ్ళు తుడుస్తూ దించాలి. ఛాతీలో బరువు, ఎడమ చెయ్యి లాగడం ఉంటే ఆ మనిషిని నడిపించవద్దు. కదలకుండా కూర్చోబెట్టి 108కి ఫోను చేయండి. సిగ్నలు లేకపోతే ఒకరు వెంటనే కిందికి దిగాలి. రక్తపోటు, గుండె జబ్బు, ఉబ్బసం ఉన్నవాళ్ళు డాక్టరును అడిగాకే ఈ ప్రయాణం పెట్టుకోవాలి.

దారి తప్పే అవకాశం ఉందా?

ఉంది. వానాకాలం తర్వాత గడ్డి నడుము దాకా పెరిగి మేకల దారులు, మనుషుల దారులు ఒకటిగా కనిపిస్తాయి. కాళ్ళ కింద పేర్చిన రాళ్ళు కనిపిస్తున్నంతసేపు మీరు సరైన దారిలోనే ఉన్నారు. పది నిమిషాల పాటు ఒక్క మెట్టు కూడా కనిపించకపోతే ముందుకు పోకుండా చివరి మెట్టు దాకా వెనక్కి రండి. పశువులు కాసేవాళ్ళు ఎదురైతే అడగండి. వాళ్ళకు తెలిసినంత ఏ ఫోనులోని పటానికీ తెలియదు.

పాములుంటాయా?

ఉంటాయి. నాగుపాము, కట్లపాము, రక్తపింజర మన నేలమీద అన్నిచోట్లా ఉన్నవే. అలికిడి వింటే అవే తప్పుకుంటాయి. రాళ్ళ సందుల్లో చెయ్యి పెట్టకండి, గడ్డిలో కూర్చునే ముందు కర్రతో తట్టండి, పాడుబడిన గదుల మూలల్లోకి వెళ్ళకండి.

ఒకవేళ కాటు పడితే: తాడు బిగించి కట్టవద్దు, కోయవద్దు, నోటితో పీల్చవద్దు. ఉంగరాలు, పట్టీలు తీసేసి, కాటు పడిన అవయవాన్ని కదలకుండా ఉంచి, మోసుకుని దించండి. కాటు పడిన సమయం గుర్తుంచుకోండి. 108కి ఫోను చేసి, విరుగుడు మందు ఉన్న ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చండి. నాటు వైద్యం కోసం ఒక్క నిమిషం కూడా వృథా చేయవద్దు. పామును చంపి పట్టుకెళ్ళవలసిన అవసరమూ లేదు.

కోతులు, తేనెటీగలు?

కోతి ఎదురైతే చేతిలో తిండి పొట్లం కనిపించనివ్వకండి. మీరు పెట్టిన ఒక్క బిస్కెట్టు తర్వాత వచ్చేవాళ్ళకు కాటై తగులుతుంది. బురుజుల అంచుల కింద తేనెపట్టులుంటే దూరం నుంచి చూసి వచ్చేయండి. వాటి దగ్గర పొగ పెట్టడం, రాయి విసరడం ప్రాణాల మీదికి తెస్తుంది. ఈగలు రేగితే ముఖం కప్పుకుని దూరంగా పరుగెత్తండి, చెరువులోకి మాత్రం దూకవద్దు.

## పైన, చెరువుల దగ్గర

పైన ఎన్ని చెరువులున్నాయి? అంత ఎత్తున నీళ్ళెలా నిలిచాయి?

మూడు. ముత్యాలమ్మ చెరువు, పుట్టాలమ్మ చెరువు, వెదుళ్ళ చెరువు. వాటి పైన ఏ ఏరూ లేదు, ఊట బావుల ఆసరా లేదు. చుట్టూ ఉన్న శిఖరాల మీద పడిన వాన గొందుల వెంబడి జారి, పళ్ళెంలా ఉన్న పల్లాల్లోకి చేరుతుంది. ఆ పళ్ళేనికి ఎటు పగులు ఉందో కనిపెట్టి అటు రాతి కట్ట వేశారు. ఒకటి నిండి అలుగు పారితే ఆ నీరు వృథా కాకుండా మరో చెరువులోకి చేరే ఏర్పాటు ఉంది.

ఇక్కడ నేను ఎప్పుడూ కాసేపు ఎక్కువ కూర్చుంటాను. కోట అంటే మనకు గోడలు, ఫిరంగులు గుర్తొస్తాయి. ముట్టడి వేసిన సైన్యం నెలల తరబడి కింద కాచుకుని ఉంటే లోపలి మనుషులనూ గుర్రాలనూ బతికించేవి గోడలు కావు, ఈ నీళ్ళు. కట్ట రాళ్ళ మీద చెయ్యి పెట్టి చూడండి. నీటి వైపు నునుపుగా, చల్లగా ఉంటుంది. అవతలి వైపు ఎండకు గరుకుగా, వెచ్చగా ఉంటుంది. నేను వెళ్ళినప్పుడు వెదుళ్ళ చెరువు అంచున ఒక కొమ్మ మీద లకుముకి పిట్ట కూర్చుని ఉంది. అది నీటిలోకి దూసుకుపోయి చేపతో లేచిన చప్పుడు ఆ నిశ్శబ్దంలో ఆవలి గట్టు దాకా వినిపించింది.

ఈ కొండల్లోనే కొండవీటి వాగు పుడుతుంది. అమరావతి పొలాల మీదుగా పారి ఉండవల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. వాన ఎక్కువైతే ఆ వాగు ఊళ్ళను ముంచుతుందని ఉండవల్లి దగ్గర 2018లో ఎత్తిపోతల పథకం మొదలుపెట్టారు. కొండ మీద ఆగిన నీటికీ, ఆగకుండా దిగిపోయిన నీటికీ తేడా ఎంతో ఆ రెండు చోట్లూ చూసినవాళ్ళకు తెలుస్తుంది.

"కొండవీటి చాంతాడు" అనే మాట ఇక్కడిదేనా?

ఇక్కడిదే. రేషన్ షాపు వరుసను చూసినా, తెగని ఉపన్యాసం విన్నా మనం అనే మాట. ఈ ఊళ్ళో బావులు చాలా లోతు. నీరు ఎక్కడో అడుగున ఉండేది, చేదుకోవడానికి బారెడు బారెడు తాడు కావలసి వచ్చేది. కొండ కింద నీటి కోసం అంత తాడు వదలవలసిన ఊరిలో, కొండ నెత్తిన మూడు చెరువులు నిలిపారు. సామెత ఊరూరా పాకింది, చెరువుల సంగతి మాత్రం మనలో చాలామందికి తెలియదు.

చెరువులో ఈత కొట్టవచ్చా?

వద్దు. పైకి నిదానంగా కనిపించినా అంచు రాళ్ళు పాకుడు పట్టి ఉంటాయి, రెండడుగులు వేస్తే లోతు ఒక్కసారిగా పెరుగుతుంది. అడుగున ఒండ్రు, నాచు, పాత రాళ్ళు. జారితే పట్టుకోవడానికి పైన గడ్డిపరక తప్ప ఏమీ ఉండదు. ఈత వచ్చినవాళ్ళు కూడా ఇలాంటి చోట్ల ప్రాణాలు పోగొట్టుకుంటారు. కాళ్ళు తడుపుకోవాలనిపిస్తే గట్టు మీద కూర్చుని సీసాతో పోసుకోండి.

ఆ నీళ్ళు తాగవచ్చా?

తాగవద్దు. పశువులు దిగే నీళ్ళు, పైపెచ్చు జనం చెత్త వేస్తున్నారు. మీ సీసాలో నీళ్ళే తాగండి.

చెరువులు ఎక్కడి నుంచి చూస్తే బాగుంటాయి?

ఒకసారి గట్టు మీద నుంచి, ఒకసారి ఎత్తు నుంచి. గట్టు మీద నుంచి చూస్తే శిఖరాలు నీటిలో తలకిందులుగా ఉంటాయి, దానికి గాలి లేని పొద్దున వేళ కావాలి. తర్వాత చెరువులకు ఎగువన ఏదైనా బురుజు దాకా నడవండి. అక్కడి నుంచి కొండల మడతలో నీరు, దాని అంచున కోట గోడ పాకుతూ పోవడం, ఆవల మైదానం అంతా ఒకే చూపులో దొరుకుతాయి. సాయంత్రం వెలుగు ఇంకా బాగుంటుంది కానీ, దాని కోసం చీకటి పడేదాకా ఆగితే దిగడం ప్రమాదం. ఫోటో కోసం బురుజు అంచున వెనక్కి అడుగులు వేయవద్దు.

నాకు చరిత్ర తెలియదు. కోటలో ఏమి చూడాలి?

ఇంతమాత్రం గుర్తుంచుకుంటే చాలు. రెడ్డి రాజుల మొదటి రాజధాని అద్దంకి. 14వ శతాబ్దం నడుమ అనవోతారెడ్డి కొండవీడుకు మార్చాడు. 1424 దాకా వాళ్ళ ఏలుబడి సాగింది. పెదకోమటి వేమారెడ్డి కొలువులో శ్రీనాథుడు విద్యాధికారిగా ఉన్నాడు. కుమారగిరిరెడ్డి ఏటా వసంతోత్సవాలు జరిపించేవాడు. ఆ తర్వాత గజపతుల చేతికి వెళ్ళిన కోటను 1515లో శ్రీకృష్ణదేవరాయలు గెలుచుకున్నాడు. ఆ శతాబ్దంలోనే తర్వాత గోల్కొండ సుల్తానుల వశమైంది.

ఇక చూడవలసినవి: ధాన్యం నిల్వ చేసిన కట్టడం, నేతి కొట్టు, పాడుబడిన ఆలయాలు, జెట్టి బురుజు, నెమళ్ళ బురుజు. నేతి కొట్టు దగ్గర ఆగి ఆలోచించండి. కోట వదలకుండా ఏళ్ళ తరబడి బతకాలనుకున్నవాళ్ళు నీళ్ళతో పాటు నెయ్యి గురించి కూడా లెక్కవేసుకున్నారు. గోడల మీద పేర్లు గీయకండి. గుప్తనిధుల ఆశతో మన కోటలు ఎన్నింటినో తవ్వి పాడుచేశారు, అలా ఎవరైనా తవ్వుతూ కనిపిస్తే పోలీసులకు తెలియజేయండి.

సీతాఫలాలు కోసుకోవచ్చా?

కొండవీడు సీతాఫలానికి పేరుంది, వానలు తగ్గే రోజుల్లో చెట్లు కాయలతో కనిపిస్తాయి. కోయకండి. వాటిని ఏరుకుని అమ్మి బతికేవాళ్ళున్నారు. దిగాక గంపల్లో అమ్ముతున్నవాళ్ళ దగ్గర కొనండి. పక్వానికి రాకముందే తెంపిన కాయ ఇంటికి చేరేసరికి నల్లబడుతుందే తప్ప పండదు.

రాత్రి గుడారం వేసుకుని ఉండవచ్చా?

అటవీ ప్రాంతం కాబట్టి అనుమతి లేకుండా ఉండకూడదు. మంటలు అసలే వేయవద్దు. ఎండిన గడ్డికి ఒక్క నిప్పురవ్వ అంటుకుంటే కొండంతా కాలిపోతుంది.

## దిగేటప్పుడు, దిగాక

దిగడం సులువే కదా?

ఆయాసం ఉండదు, అంతే. దెబ్బలు తగిలేది ఎక్కువగా దిగేటప్పుడే. కాళ్ళు అలసి ఉంటాయి, మనసు అప్పటికే ఇంటికి వెళ్ళిపోయి ఉంటుంది. వాలు మెట్ల మీద పాదం కాస్త పక్కకు తిప్పి వేయండి, మోకాలు పూర్తిగా బిగించకండి, చేతికర్ర ఉంటే ముందు కర్ర దించి తర్వాత కాలు దించండి. గులకరాళ్ళు పరిచినట్లున్న చోట పరుగెత్తవద్దు. మా జట్టులో ఒకడు చివరి పది మెట్లలో, ఊరి ఇళ్ళు కనిపించాక, సంబరంగా దూకి చీలమండ బెణికించుకున్నాడు.

చెత్త వేయడానికి డబ్బాలుంటాయా?

ఉన్నా లేకపోయినా మీ చెత్త మీతోనే కిందికి తెచ్చుకోండి. చెరువు పక్కన వదిలిన ప్లాస్టిక్ సంచి మొదటి వానకే నీటిలోకి వెళ్తుంది. తర్వాత అలుగు దాటి కింది చెరువులోకి, అక్కడి నుంచి వాగులోకి. తిన్న అరిటాకులు పారేయవచ్చు కానీ కవర్లు, సీసాలు, గుట్కా పొట్లాలు కాదు. నేను వెళ్ళిన ప్రతిసారీ ఇతరులు వదిలినవి ఒక సంచి నిండా ఏరుకుని వస్తాను. మీలో నలుగురు అలా చేస్తే గట్టు శుభ్రంగా ఉంటుంది.

కింద ఊళ్ళో చూడవలసినవి ఉన్నాయా?

గోపీనాథస్వామి ఆలయం తప్పక చూడండి, జనం దాన్ని కత్తుల బావి అంటారు. డెబ్బై ఇద్దరు పాలెగాళ్ళను విందుకు పిలిచి, ఒక్కొక్కరినే లోపలికి పంపి, కత్తులు పాతిన బావిలో పడేశారని స్థానికులు చెప్పుకునే కథ ఉంది. కథ నిజమా కాదా అన్నది అటుంచి, ఊరి పెద్దలతో చెప్పించుకుంటే వాళ్ళు చెప్పే తీరు వినదగ్గది. తొందర లేకపోతే అరుగు మీద కూర్చుని వినండి.

మర్నాడు పిక్కలు పట్టేస్తే?

దిగగానే కారులో కూలబడకుండా పది నిమిషాలు చదునైన నేల మీద నడవండి, గోడకు చేతులు ఆనించి పిక్కలు సాగదీయండి. ఆ రాత్రి గోరువెచ్చటి నీళ్ళతో స్నానం చేసి, నువ్వుల నూనెతో మెల్లగా మర్దన చేసుకోండి. నొప్పి రెండు మూడు రోజులు ఎక్కువగా ఉండి తర్వాత తగ్గుతుంది. మోకాలు వాచినా, కాలు కింద మోపలేకపోయినా అది అలసట నొప్పి కాదు, డాక్టరుకు చూపించాలి.

మళ్ళీ వెళ్ళాలంటే ఎప్పుడు వెళ్ళమంటారు?

మొదటిసారి డిసెంబరులో వెళ్ళినవాళ్ళు రెండోసారి జూలైలో, తొలి వానలు పడి నాలుగు రోజులు తెరిపి ఇచ్చిన ఉదయం వెళ్ళండి. చెరువులు సగం ఖాళీగా ఉంటాయి. గొందుల్లో నీరు సన్నగా పారుతూ, పొడి రాళ్ళను ఒక్కొక్కటిగా తడుపుకుంటూ వచ్చి, చెరువు అంచున బురదలో కలుస్తుంటుంది. కట్ట మీద కూర్చుని ఆ నీరు చేరడాన్ని గంటసేపు చూడవచ్చు.